మీరొచ్చినప్పుడు ఇక్కడ ఏముండె

పెద్దసార్ పోయారన్న కబురు మా పాత సర్వే బృందం వాట్సప్ గ్రూపులో వచ్చింది. ఉదయం ఏడున్నర అయివుంటుంది. చేతులు జోడించిన బొమ్మలు ఒకదాని కింద ఒకటి పడుతున్నాయి. నేను నమ్మలేదు. అంతకుముందు నెలలోనే ఆ గ్రూపువాళ్లు నిక్షేపంలా ఉన్న ఒక సినిమా నటుడికి పొద్దున శ్రద్ధాంజలి ఘటించి సాయంత్రానికి మళ్లీ బతికించారు. పైగా సార్ సంగతి ముందు ఎవరు చెప్పారో, వాళ్లకెవరు చెప్పారో ఎక్కడా లేదు. ఇలాంటి మాట ఆయన చెవిన పడితే ఏమనేవారో నాకు తెలుసు. "ఎవరన్నరు? నువ్వు చూసినవా? చూసినోణ్ని నువ్వు చూసినవా?"

అందుకని ఆయన నంబరుకే ఫోన్ చేశాను. కోడలు ఎత్తింది.

"నిజమే మేడమ్. నిన్న పగలు అన్నం తిని పండుకున్నరు. చాయ్‌కి లేపితే లేవలే."

ఆ తర్వాత అడగడానికి నా దగ్గర ప్రశ్న ఏదీ లేకపోయింది. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి మాత్రం ఉండిపోయింది. రెండు రోజుల కిందటే చెప్పాల్సిన మాట. దాని దగ్గరికి వస్తాను.

ఆయన సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఇల్లు సరూర్‌నగర్‌లో, చెరువుకు ఇవతలి వైపు. ఉద్యోగంలో ఉండగా జనాభా లెక్కలు, ఓటర్ల జాబితాలు, రేషన్ కార్డుల విచారణ, ఏదొచ్చినా టీచర్ల నెత్తినే పడేవి కదా, అవన్నీ చేశారు. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక ఒక చిన్న కన్సల్టెన్సీలో ఫీల్డ్ సూపర్‌వైజర్‌గా చేరారు. నేను అక్కడ కాంట్రాక్టు మీద పనిచేసేదాన్ని. సోషియాలజీలో ఎమ్మే చేసి, దిల్‌సుఖ్‌నగర్‌లో మా నాన్న చీరల దుకాణం మీది గదిలో కూర్చుని ఇరవయ్యేళ్లుగా ఎవరెవరి రిపోర్టులకో ఫారాలు నింపుతూ వస్తున్నాను. ఆఫీసులో అందరూ ఆయన్ని పెద్దసార్ అనేవారు. నాకూ ఆయన పెద్దసారే.

మాకు అప్పగించిన పని ఇది. ఎల్బీనగర్ దాటాక విజయవాడ వైపు వెళ్లే రోడ్డును ఇంకా వెడల్పు చేస్తారట. చేసేముందు, దానివల్ల ఏ చెట్లు పోతాయి, వాన నీళ్లు ఎటు మళ్లుతాయి, ఎవరి ఇంటి ముందుభాగం పోతుంది, ఎవరి బతుకు పోతుంది అన్నది తిరిగి చూసి రాయాలి. దానికి పర్యావరణ, సామాజిక ప్రభావ అంచనా అని పెద్ద పేరు. నాకు ఆ పేరు మీదే అనుమానం. రోడ్డు ఎంత వెడల్పో, ఎటు వెళ్తుందో అన్నీ తేలిపోయాక మమ్మల్ని పంపి నష్టమేమిటో చూడమనడం, పెళ్లయిపోయాక జాతకాలు కలపడం లాంటిదని మొదటిరోజే ఆయనతో అన్నాను.

"అయినా చూడాలె" అన్నారు పెద్దసార్. "రేపు ఇంట్ల కొట్లాట ఒస్తది. అప్పుడు ఏ గ్రహం అడ్డం తిరిగిందో కాయితం మీద ఉండాలె గద."

ఆరోజే నన్ను ఒక కాలనీ దారి రోడ్డులో కలిసేచోట నిలబెట్టి, అరగంటలో ఎంతమంది అవతలికి దాటుతారో లెక్కపెట్టమన్నారు. నేను కాలేజీ పిల్లల్ని, పాల క్యాన్లవాళ్లని, బస్సు కోసం పరిగెత్తేవాళ్లని శ్రద్ధగా గీతలు గీసుకుంటూ లెక్కపెట్టాను. అరగంట అయ్యాక కాగితం చూపించాను. ఆయన చూసి, తలాడించి, "దాటకుంట ఎన్కకు పోయినోళ్లు ఎందరు?" అన్నారు.

నేను వాళ్లను లెక్కపెట్టలేదు. అలాంటివాళ్లు ఉంటారని కూడా అనుకోలేదు.

"నీ పక్కనే నిలబడ్డది ఒక పెద్దమ్మ. చేతిల టిఫిన్ డబ్బ. మూడుసార్లు కాలు కింద పెట్టి మూడుసార్లు తీసుకున్నది. ఆఖరికి ఇంటికి మర్లిపోయింది. అవతల ఎవరో ఆకలిమీద ఉన్నరు. వాళ్లు ఏ ఫారంల ఒస్తరు?"

ఆరోజు నుంచి ఆ రోడ్డు పక్కన నిలబడ్డ ప్రతిసారీ వెళ్లేవాళ్ల కంటే వెనక్కి తిరిగేవాళ్లే నాకు ముందు కనిపిస్తారు. రోడ్డు ఇప్పుడున్నంత ఉండగానే ఇంతమంది తిరిగిపోతుంటే, అది ఇంకా పెద్దదై, మధ్యలో గోడ లేస్తే ఆ కాలనీకి, అవతలున్న బడికీ దవాఖానకీ మధ్య ఎన్ని మైళ్లు పెరుగుతాయో నేను రాశాను. మైళ్లు అన్న మాట కొట్టేసి ఆఫీసులో 'స్వల్ప అసౌకర్యం' అని దిద్దారు. మా పట్టికలో ప్రతి నష్టానికీ ఎదురుగా స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అని మూడు గడులు ఉంటాయి. 'స్వల్పం' చూసినప్పుడల్లా సార్ ఎర్ర పెన్నుతో పక్కన 'ఎవరికి?' అని రాసేవారు.

ఆయన చొక్కా జేబులో రెండు పెన్నులు ఉండేవి. మనుషులు చెప్పింది నీలం పెన్నుతో రాసేవారు. తనకు నమ్మకం కుదరనిచోట ఎర్ర పెన్నుతో మార్జిన్‌లో 'అను.' అని వేసేవారు. అంటే అనుమానం. ఫారం మొత్తంలో ఒక్క 'అను.' కూడా లేకపోతే ఆ ఫారాన్నే అనుమానించేవారు. "అన్నీ నమ్మినవంటె నువ్వు వినలేదన్నట్టు" అనేవారు.

స్టీలు బాటిల్లో నీళ్లు తెచ్చుకునేవారు. సగమే తాగేవారు. మిగతా సగం రోడ్డు అంచున పోసి, అవి ఎటు పారతాయో నడుం వంచి చూసేవారు. మన్సూరాబాద్ వైపు ఒకచోట మా మ్యాపులో వాన నీళ్లు నాలాలోకి పోతున్నట్టు బాణం గుర్తు ఉంది. ఆయన పోసిన నీళ్లు నాలా వైపు రెండడుగులు వెళ్లి, కాసేపు ఆగి, నింపాదిగా వెనక్కి మళ్లి ఒక గేటు కిందినుంచి ఎవరింట్లోకో వెళ్లాయి. మ్యాపు గీసిన తర్వాత అక్కడ సిమెంటు రోడ్డు ఒకటి ఎత్తుగా వేశారు. అది ఎవరికీ తట్టలేదు. ఇంటావిడ బయటికొచ్చి, "ఏం పెద్దయ్యా, మా ఇంట్లకు నీళ్లు పోస్తున్నవ్?" అని తగాదాకు దిగింది.

"నేను గ్లాసెడు పోస్తినమ్మా. రేపు పోసేటోళ్లు ఒస్తున్నరు. వాళ్లతోని లడాయి పెట్టుకో" అన్నారు. ఆవిడ నవ్వింది. వానాకాలంలో మంచం కోళ్ల కింద ఎన్ని ఇటుకలు పెడతారో లోపలికి తీసుకెళ్లి చూపించింది.

చెట్ల లెక్క కూడా మాదే. కాండం చుట్టుకొలత, ఎత్తు, జాతి రాసి, చెట్టు మీద రంగుతో నంబరు వేయాలి. సార్ ఫారంలో చేత్తో ఇంకో గడి గీశారు. దానికి 'కింద ఎవరు' అని పేరు పెట్టారు. ఒక కానుగ కింద తాళంచెవులు చేసే ఆయన, ఒక వేప కింద ఆటోవాళ్లు, ఒక రావి కింద మధ్యాహ్నం కునుకు తీసే స్విగ్గీ కుర్రాళ్లు, అందరినీ రాసుకుంటూ పోయారు. కంప్యూటర్ ఆ గడిని తీసుకోలేదు. చెట్లు మాత్రం వెళ్లాయి, కింద ఎవరూ లేకుండా.

ఇదంతా వేసవిలో జరిగింది. ఇక్కడ ఒక తేదీ గురించి చెప్పాలి. ఇలాంటి సర్వేల్లో ఒక గడువు తేదీ ఉంటుంది. ఆ తేదీకి ముందునుంచీ రోడ్డు పక్కన ఉన్నవాళ్లు నష్టపోయేవాళ్ల జాబితాలోకి వస్తారు. వాళ్లకు గుర్తింపు కార్డు ఇస్తారు, కొత్త రోడ్డు పక్కన కూర్చోవడానికి చోటు చూపిస్తారు. తేదీ తర్వాత వచ్చినవాళ్లు ఆక్రమణదారులు. వాళ్లను ఖాళీ చేయించడమే. మేం వేసవి ఫారాలు ముగించిన రోజే ఆ తేదీ అని ఖాయం చేశారు.

"వేసవిల తాటిముంజలోళ్లు దొరికిన్రు. సీతాఫలాలోళ్లు ఏరి?" అన్నారు సార్.

సీతాఫలాల కాలం దసరా ముందు మొదలై దీపావళి దాటాక అయిపోతుంది. చౌటుప్పల్ అవతలి ఊళ్ల నుంచి ఆడవాళ్లు గంపలతో వచ్చి ఆ రోడ్డు పక్కన కూర్చుంటారు. ఎండాకాలంలో వాళ్లను వెతికితే ఎలా దొరుకుతారు? ఆయన పట్టుబట్టి, ఉత్తరాలు రాసి, ఆ కాలంలో మళ్లీ ఒకసారి వెళ్లడానికి అనుమతి తెచ్చారు. మొదటి విడత నన్ను పంపారు. ఒక పెద్ద వేప కింద పదకొండు మంది వరసగా కూర్చున్నారు. నేను ప్లాస్టిక్ కుర్చీ ఒకటి అడిగి తెచ్చుకుని, ఫారం మోకాలిమీద పెట్టుకుని అడిగాను. ఎన్నేళ్ల నుంచి ఇక్కడ అమ్ముతున్నారు?

"ఏండ్లెక్కడియి మేడం. నిన్ననే ఒచ్చినం. రేపు పోతం."

పదకొండు మందీ అదే చెప్పారు. నేను అదే రాశాను. ఇరవయ్యేళ్లుగా అందరి మాటలూ అనుమానిస్తూ బతికినదాన్ని, ఆరోజు మాత్రం ఎందుకు నమ్మానో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఎండ ఎక్కువగా ఉంది. ఫారాలు త్వరగా అయిపోయాయన్న సంతోషం కూడా ఉండివుంటుంది.

పెద్దసార్ ఆ కట్ట తిరగేశారు. "పదకొండు మంది, అందరు నిన్ననే ఒచ్చిన్రా?" అన్నారు. "ఏమన్న పెండ్లి ఉండెనా ఆడ?"

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు. కుర్చీ వద్దన్నారు. వేప కింద గోనెసంచి మీద కూర్చున్నారు. పండు కొనలేదు. అడగడానికి ముందు కొంటే తర్వాత వాళ్లు చెప్పేవన్నీ బేరం మాటలవుతాయని ఆయన నమ్మకం. చాలాసేపు ఫారం బయటికి తీయలేదు. తర్వాత అందరిలోకి పెద్దావిడను, వరసలో మొదట కూర్చునే ముసలవ్వను, అడిగారు.

"అవ్వా, మీరొచ్చినప్పుడు ఇక్కడ ఏముండె?"

"ఏముండె సారు, ఏం లేకుండె" అంది అవ్వ. మళ్లీ తనే, "గా అద్దాల బంగ్ల లేకుండె. ఆడంత జొన్నచేను. మా అత్తతోని ఒచ్చిన కొత్తల ఎర్రబస్సు చింతచెట్టు కింద ఆగుతుండె. డ్రైవరుకు రెండు పండ్లు పెడితె గంపలు దింపేదాంక బస్సు ఆపుతుండె. గా చెట్టు కిందనే కూసుంటిమి. తర్వాత రోడ్డు పెద్దగ చేసిన్రు, చెట్టు పాయె. ఈడికి జరిగినం."

పక్కనున్నావిడ అందుకుంది. "నా పెద్దబిడ్డ కడుపుల ఉన్నప్పుడు గా బ్రిడ్జి పోస్తున్రు. దుమ్ముకు దగ్గు పట్టి సస్తి నేను."

"నువ్వు దగ్గితివి. నీ గంప నేను అమ్మిస్తి" అని ఇంకొకామె.

వాళ్లు ఒకరి మాటకు ఒకరు అడ్డం పడుతూ, ఏ ఏడు ఏ గోడ లేచిందో, ఏ బావి పూడిందో, ఏ హోటలాయన మంచినీళ్లు పోసేవాడో చెప్పుకుంటూ పోయారు. సార్ నీలం పెన్ను ఆగకుండా నడిచింది. ఏళ్లు అడిగితే ఒక్కరోజు చెప్పినవాళ్లు, ఏముండేదో అడిగితే ముప్పయి నలభై ఏళ్లు మా ముందు పరిచారు.

నాకు ఉక్రోషం వచ్చింది. "మరి నిన్న నాకు అట్ల ఎందుకు చెప్పిన్రు?" అన్నాను.

అవ్వ నన్ను జాలిగా చూసింది. "పుస్తకం పట్టుకొని ఒచ్చినోళ్లకు పాత సంగతులు చెప్తరా బిడ్డా? పాతోళ్లమంటె 'ఎన్నిసార్లు చెప్పాలె మీకు' అని కాంటలు గుంజుకపోతరు. నిన్ననే ఒచ్చినమంటె 'సరే, రేపు కానరావొద్దు' అని పోతరు. నువ్వు సుత పోయినవ్ గద."

కాంటలు గుంజుకుపోయే మున్సిపాలిటీ బండి నుంచి వాళ్లను ఇన్నేళ్లూ కాపాడిన అబద్ధం, నా ఫారంలోకి వచ్చి వాళ్లను ఆక్రమణదారులను చేసింది.

తప్పు తేలింది, దిద్దితే సరిపోతుంది అనుకున్నాను. అలా జరగలేదు. మా మేనేజరుగారిది గుంటూరు వైపు. మెత్తగా మాట్లాడే మనిషి. నన్ను పిలిచి రెండు కట్టలూ బల్లమీద పెట్టారు.

"చూడండి మేడమ్, అదే పదకొండు మంది. ఒకదాంట్లో నిన్న వచ్చామన్నారు, ఇంకోదాంట్లో అత్తల కాలం నుంచీ ఉన్నామంటున్నారు. పైకి ఏది పంపమంటారు?"

"రెండోది సార్."

"మొదటిది నింపింది మీరే కదండీ. అది తప్పని మీరు రాసి సంతకం పెట్టివ్వండి, రెండోది పంపిస్తాను. నాకు వాళ్లమీద కోపమేం లేదు. రేపు నన్ను అడిగితే చూపించడానికి ఓ కాగితం ఉండాలి కదా." గొంతు తగ్గించి, "పెద్దసార్‌దీ వాళ్లదీ ఒకటే మండలమంట. మీకు తెలుసా?" అన్నారు.

నాకు తెలియదు. ఆ ఒక్క మాటతో నాలో ఏదో పక్కకు జరిగింది. అంతకుముందు వారం బస్సులో సార్ ఒళ్లో సీతాఫలాల సంచి చూశాను. అడగకముందు పండు ముట్టని మనిషి. 'కొన్న. పని ఒడిసింది గద' అన్నారు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు ఆ సంచి వేరేగా కనిపించసాగింది. ఆయన ఒక్కరే మళ్లీ రెండుసార్లు అక్కడికి వెళ్లారని తెలిసింది. నన్నెందుకు తీసుకెళ్లలేదు? వాళ్లకేమైనా చెప్పి చెప్పించారా? ఆ చింతచెట్టు, ఎర్రబస్సు, అంతా కథేనా? ఒక మనిషి మీద అనుమానం మొదలైతే అంతకుముందు ఆయన చేసిన మంచి పనులన్నీ వచ్చి ఆ అనుమానానికే సాక్ష్యం చెబుతాయి.

చివరికి అడిగేశాను. ఎల్బీనగర్ మెట్రో మెట్ల దగ్గర, దిగి వెళ్లిపోతుంటే. "సార్, వాళ్లు మీ ఊరోళ్లా?"

ఆయన ఆగారు. కోపం వస్తుందనుకున్నాను.

"ఎప్పుడు ఎర్రచీరలనే ఉంటది సూడు, ఆమెది మా పక్కూరు. మిగిలినోళ్లది మా మండలమే. గిది అడగనీకి ఇన్ని దినాలు పట్టిందా నీకు?"

"అట్ల కాదు సార్..."

"అట్లనే. అనుమానమొస్తె రాయాలె, లేకుంటె అడగాలె. లోపట పెట్టుకుంటె అది మనల్నే తింటది. నా మాట మీద సంతకం పెట్టకు. పో, పొయ్యి చూసుకో."

ఆ తర్వాత ఆయన ఆ కాగితం గురించి ఒక్కసారి కూడా అడగలేదు. మేనేజరుగారు ఇచ్చిన తెల్లకాగితాన్ని నేను రాయకుండానే బీరువాలో చీరల మధ్య పెట్టాను. నా తప్పని రాసిస్తే వచ్చే ఏడు కాంట్రాక్టు ఉంటుందో లేదో అన్న భయం ఒకటి. ఆయనే తప్పయితే నేను ఇద్దరి తప్పూ మోయాల్సి వస్తుందన్న భయం మరొకటి. రెండు వారాలు గడిచాయి. రిపోర్టు పైకి వెళ్లే రోజు దగ్గర పడింది. నేను రాసివ్వకపోతే ఆ ఆడవాళ్లు 'నిన్న వచ్చినవాళ్లు'గానే వెళ్లిపోతారు.

చివరికి ఒక బుధవారం నేనొక్కదాన్నే బస్సెక్కి వెళ్లాను. వేపచెట్టు దగ్గరికి వెళ్లలేదు. దానికి ఎదురుగా, కొంచెం ఇవతల, పంక్చర్ దుకాణం పెట్టుకున్న చాచా దగ్గర ఆగాను. ఆయన ఎవరి ఊరివాడూ కాదు. మలక్‌పేట మనిషి. ఈ సీతాఫలాలవాళ్లు ఎప్పటినుంచి ఉన్నారో చెప్పమన్నాను.

చాచా ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు చూస్తూనే అన్నాడు. "ఏంది మేడమ్, మీరు గూడ గదేనా? అందరు కలిసి నన్ను పరేషాన్ చేస్తున్రు. మొన్న గా పెద్దాయన, ఇయ్యాల మీరు."

"ఏ పెద్దాయన?"

"తెల్లంగి ఆయన. ఎర్ర పెన్ను. 'నువ్వు దుకాణం పెట్టినప్పుడు వీళ్లున్నరా' అన్నడు. ఉన్నరు, నాకంటె ముందుగాల ఉన్నరన్న. 'అందరా?' అన్నడు. అందరు గాదు, చివర్ల కూసునే ఇద్దరు గీ యేడే కొత్తగ ఒచ్చిన్రన్న. 'పక్కానా?' అంటడు. పక్కా సాబ్ అంటె గూడ నమ్మడు. మల్లొకరోజు ఒచ్చి మల్ల అదే అడిగిండు. పోలీసోళ్లు నయం."

"ఆ ఇద్దరు ఎవరు?"

చాచా ట్యూబు పైకెత్తి, దాంతోనే చూపించాడు. వరసలో చివర ఒకామె, ఆమె పక్కన ఎర్రచీర.

ఇంటికొచ్చి రెండో కట్ట ఫారాల కాపీలు తీశాను. సిగ్గుతో చెబుతున్నాను, అప్పటిదాకా నేను వాటిని పూర్తిగా చదవలేదు. అనుమానించడానికి మాత్రం ముందున్నాను. తొమ్మిది ఫారాల్లో జొన్నచేను, చింతచెట్టు, బ్రిడ్జి, దగ్గు, అన్నీ ఉన్నాయి. చివరి రెండింటిలో 'ఈ ఏడే వచ్చింది, గడువు తేదీ తర్వాత' అని రాసి ఉంది. పక్కూరి మనిషిని జాబితా బయట పెట్టింది ఆయనే. మార్జిన్‌లో ఎర్ర సిరాతో, ఎప్పుడూ రాసే రెండక్షరాలకు బదులు, ఒక వాక్యం రాసుకున్నారు. 'మా పక్కూరు. అందుకని మూడుసార్లు అడిగిన.'

గురువారం ఉదయం రాసిచ్చాను. నాలుగు వరసలు. మొదటి విడత ఫారాలు తప్పు, ప్రశ్న తప్పుగా అడిగింది నేను, రెండోవి నేను స్వయంగా విచారించి సరిచూశాను. మేనేజరుగారు చదివి, "ఆ ఇద్దరిని వదిలేశారే ఆయన" అంటూ ముద్ర వేశారు.

సార్‌కు ఫోన్ చేసి చెప్పొచ్చు. చెప్పలేదు. ఆదివారం ఇంటికెళ్లి ఎదురుగా కూర్చుని చెబుదామనుకున్నాను. అనుమానించినందుకు ఫోన్లో క్షమాపణ అడగడం బాగుండదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజానికి ఎదురుగా అడగడానికి ధైర్యం కూడగట్టుకోవడానికి రెండు రోజులు కావాల్సి వచ్చింది. ఆయన శుక్రవారం మధ్యాహ్నం నిద్రలో వెళ్లిపోయారు. శనివారం ఏడున్నరకు గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు.

సరూర్‌నగర్ ఇంటికి వెళ్లాను. ఇల్లంతా ఆయన పాత విద్యార్థులు, తోటి టీచర్లు. ఒకాయన చెబుతున్నారు. జనాభా లెక్కలప్పుడు తాళం వేసున్న ఒక ఇంటికి సార్ ఏడుసార్లు వెళ్లారట. ఎవరూ ఉండరు సార్, ఖాళీ అని రాసెయ్యండి అంటే, గడప ముందు ముగ్గు ఉంది, ఖాళీ ఇంటికి ముగ్గెవరు వేస్తారు అన్నారట. అందరూ మెల్లగా నవ్వారు. ఒకావిడ నన్ను మీరేమవుతారని అడిగింది. కలిసి పనిచేశామన్నాను. ఆ మాట చాలలేదనిపించింది గానీ, ఇంకే మాటయినా ఆయన నమ్మరనిపించింది.

పది రోజులకు, రెండు కట్టలు తేడాగా ఉన్నాయని, విచారణకు ప్రాజెక్టు ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చారు. చేతిలో ట్యాబ్. నన్ను అక్కడ ఉండమన్నారు, మాట్లాడవద్దన్నారు. మొదటి ఫారాలు నింపిందాన్ని కాబట్టి వాళ్లకు జవాబులు అందించకూడదు. అది న్యాయమే. సీతాఫలాల కాలం అయిపోవస్తోంది. వేప కింద నలుగురే ఉన్నారు. గంపల్లో పండిపోయినవి, పగిలినవి మిగిలాయి. వేప కాండం మీద మేం వేసిన నంబరు అలాగే ఉంది.

అవ్వ నన్ను చూసి, నా వెనకాల చూసింది. "పెద్దసారు రాలేదేంది?"

ఆ ఒక్క మాట మాత్రం చెప్పాను. ఆమె చేతిలో ఉన్న పండు గంపలో పెట్టింది. మళ్లీ తీసి ఇంకోవైపు పెట్టింది.

"మల్లొచ్చి పండ్లు తీస్కపోతనన్నడు, మనుమరాలికి ఇష్టమని" అంది ఎవరితోనో అన్నట్టు. ఆ పక్కనామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకొకామె గంప మీద గోనెసంచి కప్పడం మొదలుపెట్టింది. లేచి వెళ్లిపోవడానికి సిద్ధమవుతున్నట్టు. వాళ్లు నమ్మిన మనిషి ఒక్కడు. ఆయన లేకపోతే మిగిలింది పుస్తకం పట్టుకున్నవాళ్లే కదా.

అధికారి చిన్నవాడే, మర్యాదస్తుడే. నిలబడే అడిగాడు. "ఎన్నేళ్ల నుంచి ఉంటున్నావమ్మా ఇక్కడ?"

ఆ ప్రశ్న కాదు అని అరవాలనిపించింది. నేను మాట్లాడకూడదు. అవ్వ ట్యాబ్‌ను చూసింది. అతని బూట్లు చూసింది. దూరంగా ఆపిన కారును చూసింది. ఇన్నేళ్లుగా అరిగిపోయిన జవాబు ఆమె నోట్లోకి వస్తోందని నాకు తెలిసిపోయింది.

"నిన్ననే..." అంది.

అక్కడ ఆగింది. మోకాలి మీద చేయి ఆనించి లేచింది. ఎవరినీ చూడకుండా, గంపలు దాటి, వేప నీడ దాటి, రోడ్డు అంచుకు నడిచింది. అధికారి వెనకే వెళ్లాడు. లారీలు దుమ్ము కొట్టుకుంటూ పోతున్నాయి. ఆమె చేయి చాచి, పరిగెత్తే బండ్ల మధ్యలోకి చూపించింది.

"మా అత్త ఆడ కూసుంటుండె."

"ఎక్కడ?"

"ఆడ. గా లారీ పోతున్నది సూడు, దాని కింద. చింతచెట్టు మొదట్ల. దాని పక్కపొంటి నేను."

అతను చూశాడు. నడిమి లైను. తెల్ల చారలు. "అక్కడేం లేదు కదమ్మా."

"లేదు" అంది అవ్వ. "ఉండె."

అతను ట్యాబ్ వైపు చూసుకున్నాడు, మళ్లీ రోడ్డు వైపు చూశాడు. ఏం రాస్తాడో, అసలు రాస్తాడో లేదో నాకు తెలియదు. ఒక బస్సు వెళ్లింది, ఒక టిప్పర్ వెళ్లింది, దాని వెనక ఇంకో బస్సు. గాలికి ఆమె కొంగు ఎగిరి మొహానికి అడ్డం పడుతోంది. దాన్ని ఎడమ చేత్తో తొలగించుకుంటోంది. కుడిచేయి మాత్రం అలాగే చాచి ఉంది, వేలు కదలకుండా, బండ్ల కింద ఆ ఒక్క చోటి మీదే.